ఏడు సాయంత్రాల దువా

“నేనూదను కామమ్మా. నా ఊపిరిలో ఏమీ లేదు. బిడ్డనెత్తుకోని పో” అన్నాడు బడేసాహెబ్. అన్నాడే గానీ, గోడవైపు తిప్పుకున్న ముఖం ఇటు తిప్పలేదు.

గుమ్మంలో కామమ్మ కదల్లేదు. చేపలగంప అరుగు మీద దించి, రెండేళ్ల మస్తానమ్మను ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకుంది.

“మూడు దినాలుగా కాగిపోతుండాది సాయిబన్నా. కావలి ఆస్పత్రి మందు పోస్తానే ఉండా. మందు మందే, దువా దువానే గదా.”

“మగ్రిబ్ నమాజయినాక మసీదు మెట్లకాడ నిలబడు. వచ్చేవాళ్లంతా ఊదతారు.”

“నిలబడినా. ఊదినారు. నువ్వూదితేనే బిడ్డలు కుదుటపడేది. బోగోల్లో ఏ తల్లినన్నా అడిగి చూడు.”

ఆ మాట అబద్ధం కాదు. పొద్దుగూకే వేళకు మసీదు మెట్ల దగ్గర పిల్లల్ని చంకనేసుకుని తల్లులు నిలబడతారు. అందులో తురకలెవరో, చేపలు పట్టే పట్టపోళ్లెవరో ఎవరూ అడగరు. నమాజు చదివిన నోటితో ఊదితే బిడ్డకు నలత పోతుందని అందరి నమ్మకమూ ఒకటే. బిందెలకు కళాయి వేసుకు బతికే ఈ బడేసాహెబ్ ముందు ఆ వరస ఎప్పుడూ కాస్త పొడుగ్గానే ఉండేది.

“అంత గొప్ప ఊపిరైతే నా బిడ్డెందుకు పోయినాడు?”

ఆరేళ్ల చాంద్ బాషా జ్వరంతో కన్నుమూసి ఇరవై రోజులైంది. చివరిదాకా కొడుకు తల దగ్గర కూర్చుని చదివి ఊదిన మనిషి, మట్టి వేసి వచ్చిన దగ్గర్నుంచీ ఈ చాప వదల్లేదు. కొలిమి ఆరిపోయింది. మసీదులో నమాజు చదివించే హజ్రత్ ఖాదర్ మొహిద్దీన్ గారు రెండుసార్లు వచ్చి వెళ్లారు. “ఏడిస్తే తప్పు లేదు బడే. బిడ్డ పోతే ప్రవక్తగారే కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ ఒళ్లు మనది కాదు నాయనా, అల్లా ఇచ్చిన అమానత్. మళ్లా అప్పజెప్పేదాకా జాగర్తగా చూసుకోవాల. దాన్ని మాడిస్తే ఎట్టా?” అని చెప్పారు. బడేసాహెబ్ అంతా విన్నాడు, విని మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఇంతలో కామమ్మ చంకలోని మస్తానమ్మ గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపు మాత్రం అతను భరించలేకపోయాడు. గోడ పట్టుకుని లేచాడు.

“వజూ చేసుకోవాల. నీళ్లు పొయ్యి మే” అన్నాడు భార్యతో.

మెహబూబున్నీసా నీళ్లు పోసింది. ఇన్నాళ్లకు ముఖాన చన్నీళ్లు పడ్డాయి. అతను వచ్చి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే నిలబడ్డాడు. కామమ్మ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని చదివి, మెల్లగా ఊదాడు.

“ఏడు దినాలు ఊదాల సాయిబన్నా. రేపట్నుంచి మసీదుకాడికే తెస్తా” అంది కామమ్మ, కాదనడానికి సందు ఇవ్వకుండా.

మర్నాడు మసీదుదాకా నడిచేలోపు అతను రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు.

“కడుపు ఖాళీగా ఉంటే ఊపిరి నిలవడం లేదు. నువ్వూ పెట్టుకో. ఒక్కణ్ణే తినలేను.”

“నాకాకలిగా లేదు.”

“అట్టయితే నాకూ వద్దు.”

ఇక చేసేదేముంది, ఆమె ఇంకో పళ్లెం తెచ్చుకుంది. ఆ రోజునుంచి ఇంట్లో ఇద్దరి ముద్దలూ కలిసే లేచాయి. నాలుగోనాడు కొలిమి రాజుకుంది. అయిదోనాడు అన్నం దగ్గర అతను ఉన్నట్టుండి, “చాంద్‌కి ఈ చేపల పులుసంటే ప్రాణం గదా” అన్నాడు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరది. ఆ మాటకు మెహబూబున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్లంతా కదిలిపోయేట్టు ఏడ్చింది. అతను ఆపమనలేదు. పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు.

ఏడోనాటి సాయంత్రం మసీదునుంచి హుషారుగా వచ్చాడు.

“రేపు శుక్రారం, జుమా. నమాజయినాక మసీదులో చక్కెర పంచుతా. మొక్కుకోని ఉండా.”

మెహబూబున్నీసా చేతిలో పని వదిలేసింది. మొగుడు మళ్లీ మనిషైనందుకు సంతోషమే. కానీ మస్తానమ్మకు జ్వరం తగ్గిందని, దేవుడి ఇంట్లో అబద్ధానికి చక్కెర పంచడమా? ఆమె అతని కాళ్ల దగ్గర కూలబడిపోయింది.

“వద్దు, పంచబాకండి. తప్పు నాది. మస్తానమ్మకి జొరమూ లేదు, గిరమూ లేదు. కామమ్మని బతిమాలి నేనే పిలిపించినా. గిల్లి ఏడిపించమన్నదీ నేనే. మీరు లేస్తే చాలనుకున్నా. అల్లా నన్ను మాఫ్ చేస్తాడో చెయ్యడో...”

బడేసాహెబ్ ఆమెను భుజాలు పట్టి లేపాడు. అతని ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం అంతకన్నా లేదు.

“నాకు తెలుసు. మొదటినాడు నుదుటిన చెయ్యి పెడితే బిడ్డ చల్లగా ఉండాది. కామమ్మేమో నీవైపే చూస్తుండాది.”

“తెలిసీ ఏడు దినాలు ఎందుకు చదివినారు?”

“పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని దానివి, నాకోసం ఆడినావు. అప్పుడు తలెత్తి నీ ముఖం చూసినా. తిండి లేదు, కంట చుక్క లేదు, రాయిమాదిరి నిలబడుండావు. ఊదింది ఆ బిడ్డ మీద గానీ, ఏడు దినాలూ నేను చదివిందీ, మొక్కుకుందీ నీకోసమే మే.”