చెవిన పడని వాగ్నర్

"అక్కా, ఆ జర్మనీ ఆయన పాట ఒక్కసారి వినిపించవే, చచ్చేలోగా," అన్నాడు రోకురో, రక్తం అంటిన రుమాలు దిండు కింద దాస్తూ.

వాగ్నర్ సంగీతనాటకాలను ఆకాశానికెత్తుతూ టోక్యో పత్రికల్లో వాడు రాసిన వ్యాసాలు బారెడు. చెవిన పడ్డది మాత్రం ఒక్క స్వరం లేదు. జపాన్‌లో ఆ సంగీతం వాయించేవాళ్లే లేని ఆ రోజుల్లో కుర్ర రచయితలందరిదీ అదే తంతు. పుస్తకాల్లో చదివే పూనకాలు తెచ్చుకున్నారు.

అక్క ఫుమి బడిలో పాటలు నేర్పే పంతులమ్మ. ఊరంతా వెతికినా వాగ్నర్ స్వరాలు రాసిన కాగితం ఆమెకు దొరకలేదు. అయినా "దొరికిందిరా" అని, బడి నుంచి మోయించి తెచ్చిన హార్మోనియం ముందు కూర్చుని, చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాటనే బాగా సాగదీసి, బరువుగా వాయించింది.

రోకురో కళ్లు మూసుకుని విన్నాడు. చెంపలు తడిశాయి.

"నువ్వు రాసినట్టే ఉందా?" అంది ఫుమి.

"అంతకన్నా బాగుంది. నేను ఉరుములన్నాను, తుపానులన్నాను. ఒట్టి కోతలు." దగ్గు తగ్గాక నవ్వాడు. "ఆయన మన ఊరికెప్పుడొచ్చాడే అక్కా? అమ్మ మనల్ని నిద్రపుచ్చుతుంటే కాగితం తలుపు అవతల నిలబడి విన్నట్టున్నాడు."

ఫుమి చేతులు ఆగిపోయాయి.

"ఆపకే," అన్నాడు రోకురో. "నాకింకా నిద్ర రాలేదు."