ముప్పై ఎనిమిదో నంబరు క్లిప్పు

"ఆ క్లిప్పు కాస్త ఇస్తారా?" ఆర్లెన్ మూడోసారి అడిగాడు.

"పదకొండు కానీ నాయనా, ఇచ్చేస్తాను," అంది మడత కుర్చీలో కూర్చున్న ముసలావిడ, అల్లిక మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ కాలరుకు ఒక బట్టల క్లిప్పు. దాని మీద నల్ల సిరాతో 38 అని రాసి ఉంది.

మిన్నెసోటాలో మొక్కజొన్న చేల మధ్య గడ్డి కోసి చదును చేసిన మైదానం అది. రేడియోతో నడిపే చిన్న విమానాల క్లబ్బు వాళ్లది.

ఆ రోజుల్లో ఒక్కో రేడియోకి ఒక్కో నంబరు ఉండేది. ఒకే నంబరువి రెండు ఒకేసారి ఆన్ చేస్తే, విమానానికి ఎవరి మాట వినాలో తెలియదు. తిన్నగా వచ్చి నేలను పొడుస్తుంది.

అందుకే బోర్డు మీద నంబరుకో క్లిప్పు. అది ఎవరి దగ్గరుంటే వాళ్లే రేడియో ఆన్ చెయ్యాలి.

ఆర్లెన్ రేడియో నంబరు ముప్పై ఎనిమిది.

రెండు చలికాలాలు ఇంటి కింది గదిలో కూర్చుని, బెండులాంటి బాల్సా చెక్క కోసి, అతికించి కట్టిన విమానం. ఇంకా గాల్లోకి లేవలేదు. శనివారాలు అతనికి పని. ఆదివారం పదకొండయ్యేసరికి గాలి లేస్తుంది. ఆ గాలికి అంత పల్చటి రెక్క ఆగదు.

"డెల్బర్ట్! ఈవిడ మన మెంబరేనా?"

"వెల్మానా? నాకంటే పాత మెంబరు," అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు డెల్బర్ట్, ఇంధనం పోస్తూ.

"మరి విమానమేదీ?"

"అడిగితే, కడుతున్నానంటుంది. బైబిల్లో నోవహు ఓడకు కూడా ఇన్నాళ్లు పట్టి ఉండదు."

ఆర్లెన్‌కు ఒళ్లు మండింది. "గడ్డివాము దగ్గర కుక్క సామెత ఊరికే పుట్టలేదు," అన్నాడు, ఆవిడకు వినపడేలా.

"కరిచే కుక్క కాదులే నాయనా," అంది వెల్మా, డబ్బా మూత తీస్తూ. "అల్లం బిస్కెట్టు తిను. కోపం తగ్గుతుంది."

అతను తినలేదు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు.

క్లిప్పు బోర్డు మీదే ఉంది. ఆర్లెన్ పరుగున వెళ్లి తీసుకున్నాడు. ఆకు కూడా కదలడం లేదు.

పసుపు రెక్కల విమానం గడ్డి మీద కాస్త దూరం ఉరికి, మెల్లగా లేచింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో పైన్ చెట్ల మీదికి వెళ్లింది.

"ఏమాటకామాట చెప్పుకోవాలి, భలే కట్టావురా!" అన్నాడు డెల్బర్ట్.

అంతలో రెక్క ఒరిగింది. ఆర్లెన్ ఎడమకు తిప్పితే అది కుడికి పోయింది. ముక్కు కిందికి పెట్టి పడిపోసాగింది.

"ఎవడ్రా ఆన్ చేసింది? క్లిప్పు నా దగ్గరుంది!"

"మేమెవరం ముట్టుకోలేదు!"

చెట్ల చివళ్లు దగ్గరికొచ్చేశాయి. ఆర్లెన్ ఎంత లాగినా అది వినలేదు.

ఉన్నట్టుండి విన్నది. కొమ్మల్ని రాసుకుంటూ పైకి లేచింది.

దించాక, అతను దాని దగ్గరికి పరుగెత్తాడు. గడ్డిలో కూలబడి రెక్క తడిమి చూసుకున్నాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

కాసేపటికి ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. అందులోంచి ఒక ముసలాయన దిగాడు. చేతిలో రేడియో. చెయ్యి వణుకుతుంటే దాని పొడుగాటి యాంటెనా కూడా వణుకుతోంది.

"ఆ పసుపు విమానం ఎవరిది? బతికిందా?"

"నాదే. బతికింది."

"అమ్మయ్య!" ఆయన ట్రక్కుకు ఆనుకున్నాడు. "నా పేరు క్లేటన్. ఆ చెట్ల అవతల మా పొలం. నేనూ ఎగరేస్తున్నాను. నాది పిచ్చెక్కినట్టు తిరిగింది. చూద్దును కదా, చెట్ల మీద ఇంకోటి! అర్థమై నా రేడియో కట్టేశాను."

"మరి మీది?"

"పడింది. రెక్క విరిగింది. జిగురుందిగా, అతుక్కుంటుందిలే."

ఆర్లెన్ గీత కూడా పడని తన రెక్క వైపు చూశాడు.

"చేతులు ఇలా అయ్యాక నలుగురిలో ఎగరేయలేక, ఆదివారాలు ఇంటి దగ్గరే కానిస్తున్నా. ఏళ్లయింది, ఒక్కసారి కూడా ఇలా కాలేదు. ఇక్కడ నా నంబరు వాళ్లున్నారని తెలిస్తే ఏనాడో మానేసేవాణ్ని. ఇంకొకరి కష్టం నా వల్ల నేల పాలైతే ఎలా అబ్బాయ్?"

"ఆదివారాలు ఎప్పటిదాకా ఎగరేస్తారు?" అన్నాడు ఆర్లెన్ నెమ్మదిగా.

"పదకొండు దాకా. అప్పటికి మా ఆవిడ చర్చి నుంచి వచ్చేస్తుంది."

"ఇవాళ వెళ్లలేదా?"

"ఎక్కడ! శుక్రవారం మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగా జరిగింది, మళ్లీ నడుస్తుందన్నారు. పొద్దున ఆసుపత్రిలో కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ ఒకటే పోరు, ఇవాళ ఎగరేయకు, ఎగరేయకు అని. మందుల మత్తనుకున్నా."

డెల్బర్ట్ దగ్గరికొచ్చాడు. "ఆవిడ పేరు?"

"వెల్మా."

డెల్బర్ట్ టోపీ తీశాడు.

ఆర్లెన్ తన చొక్కాకున్న క్లిప్పు తీసి, వణుకుతున్న ఆ చేతిలో పెట్టాడు.

"నా రేడియో నంబరు రేపే మార్పించుకుంటాను. ఇక ఆవిడ హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

"హాయిగానా? ఏమిటంటావు?"

"మీ ఆవిడ ఇన్నేళ్లూ ఆదివారాలు వెళ్లింది చర్చికి కాదు పెద్దాయనా, మీ విమానం దిగేదాకా మీ నంబరు ఇంకెవరికీ దక్కకుండా ఈ క్లిప్పు పట్టుకుని ఇక్కడే కూర్చుంది."