సద్దు చెయ్యొద్దు

“ఓబిలేషూ! ఆపప్పా ఆ మగ్గం. నా పెండ్లాం కన్ను మూసేది వద్దా?”

పక్కింటి గడప మీద నిలబడి అరిచాడు నాగేశ్వర. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న ఓబిలేష్ తలెత్తి, “ఆపితిలేన్నా” అన్నాడు. పాపం, కోపం కూడా పడలేదు. ధర్మవరంలో ఆ సందంతా నేతగాళ్లే. త్రివేణికి కాన్సరని సందంతటికీ తెలుసు.

ఇంట్లో సద్దు కాకూడదని నాగేశ్వర తన మగ్గానికి ఎప్పుడో దుప్పటి కప్పేసి, వేరే వీధిలో కూలికి నేస్తున్నాడు. మందు ఎక్కించడం మొదలైనప్పటినుంచీ త్రివేణికి ఒకటే అలుపు. చెంబు కూడా ఎత్తలేకపోతోంది.

“రక్తం బాగానే ఉంది, తిండీ పర్వాలేదు” అంది డాక్టరమ్మ. “నిద్రే లేదు. పగలంతా మంచం దిగదు. ఇట్లే నీరసపడితే ఈసారి మందు ఎక్కించలేం.”

అంతే, నాగేశ్వర సందుకు కావలికుక్క అయిపోయాడు. కూరగాయలమ్మి అరిస్తే తరిమాడు. గిన్నె కిందపడితే పక్కవాళ్లతో పోట్లాడాడు. సందు సద్దుమణిగింది. త్రివేణి మాత్రం కళ్లు తెరుచుకుని ఇంటికప్పు చూస్తూనే ఉంది.

“ఇంగేం చెయ్యమంటావు మే? చీమను గూడా చిటుక్కుమననీలేదే!”

ఆమె దుప్పటి కప్పిన మగ్గం వైపు చూసింది. “నువ్వు నేస్తాంటే పక్కన కూచోని కండెలకు దారం చుడతాంటిని. ఆ పొద్దులు మళ్లీ వస్తాయా?”

“వస్తాయిలే. ముందు నువ్వు నిద్రపో” అని, కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. అతనికీ కావలసింది ఆ పొద్దులే మరి.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

“త్రివేణీ!” పెరట్లో లేదు. స్నానాలగదిలో లేదు. నిలబడలేని మనిషి యాడికి పోయింటుంది?

అంతలో పక్కింట్లోంచి టకటకా, టకటకా మగ్గం మోత! ఒళ్లు మండిపోయింది. ఇక్కడ నా కొంప మునుగుతుంటే వీడికి నేతొకటా? విసురుగా వెళ్లి తలుపు తోశాడు.

మగ్గం పక్కనే చాపమీద త్రివేణి. తలమీది గుడ్డ జారిపోయి, నోరు తెరుచుకుని, గుర్రు పెడుతోంది.

“ఆపరా!” అని నాగేశ్వర నోరు తెరిచాడో లేదో, ఓబిలేష్ కాళ్లు ఆపకుండానే గుసగుసగా కసిరాడు.

“అరవద్దన్నా! వదినే వచ్చి నేయమనె. ఇందాక పోగు తెగి మగ్గం ఆపితే, దిగ్గున లేచి కూర్చునింది!”