బత్తి వెలుగు పడ్డకాడికే

శవాగారం తలుపు తోసుకుని హర్షిణి బయటికి పరుగెత్తింది.

గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

మెడికల్ కాలేజీలో చేరాక పోస్టుమార్టం చూడటానికి రావడం ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ మధ్యలోనే పారిపోయింది. ఇవాళా నిలబడలేకపోతే చదువు మానేస్తానని పొద్దున అమ్మకు చెప్పి వచ్చింది.

గుమ్మం పక్క బల్ల మీద ఖాకీ చొక్కా ముసలాయన ఉన్నాడు. లేచి సీసాతో నీళ్ళు పోశాడు.

"మొఖం కడుక్కో బిడ్డా."

శిక్షణకు వచ్చిన కొత్త ఎస్సై భూపాల్ నోటుబుక్కుతో బయటికి వచ్చాడు.

"డాక్టర్లే గిట్లుంటె మేమెట్ల మేడం?"

"మీకు భయమైతలేదా?"

"నేను చూస్తె కద. డాక్టరు సారు చెప్పే దెబ్బలు రాసుకుంటున్న. తల ఎత్తితే నేనూ మీ పక్కకే."

లోపలికి పోతూ, "తాతా, జర తలుపు దగ్గరికెయ్యి," అన్నాడు.

ముసలాయన వేశాడు.

బొగ్గు గని నుంచి రిటైరై వాచ్‌మన్‌గా చేరినవాళ్ళు ఈ ఊళ్ళో ప్రతి గేటు దగ్గరా ఉంటారు.

"నీకు రోజూ అలవాటే తాతా," అంది హర్షిణి. "నాతోని కాదు. ఆ రంపం చప్పుడుకు నా పుర్రెనే కోస్తున్నట్టు ఉన్నది."

ముసలాయన సీసా మూత బిగించి, మూసిన తలుపు వైపు చూశాడు.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసిన బిడ్డా. దిగిన మొదటి రోజు పానం నోట్లెకొచ్చింది. ఒక పెద్దాయన చెప్పిండు, చీకటంత చూడకు, నెత్తిమీది బత్తి ఎలుగు పడ్డకాడికే చూడుమని. నువ్వు గూడ గంతే. సారు చెయ్యి ఉన్నకాడికే చూడు."

"అందరు ధైర్యంగ చూస్తుండ్రు. నేనొక్కదాన్నే గిట్ల."

"భయపడేటోళ్ళు ఒక్కరన్న ఉండాలె, ఆడ పండుకున్నోని పక్కన. పో బిడ్డా."

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

"తల కింద ఏమన్న పెట్టిండ్రా?" అని అడిగాడు ముసలాయన.

"కట్టె దిమ్మె పెట్టిండ్రు."

"మెత్తటిదేం లేదా," అన్నాడు తనలో తాను.

హర్షిణి లోపలికి వెళ్ళింది. డాక్టరు చేతిని మాత్రమే చూసింది. భయం పోలేదు. రంపం ఆగి, కుట్లు పూర్తయ్యేదాకా భయంతోనే నిలబడింది. చివర్లో, ఎవరూ చెప్పకుండానే, శవం తల ఎత్తి పట్టుకుని, దిమ్మె తీసి మడత పెట్టిన గుడ్డ పెట్టింది.

బయటికొచ్చి, "నిలబడ్డ తాతా," అంది. ఆమెకు నవ్వొచ్చింది. "దిమ్మె తీసి గుడ్డ గూడ పెట్టిన."

ముసలాయన ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు.

భూపాల్ కాగితాలతో గుమ్మంలోకి వచ్చాడు.

"కమాన్‌పూర్ రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయిన కిషన్ తండ్రి వచ్చిండన్నరు, ఏడి? శవాన్ని తీసుకపోను సంతకం గావాలె."

సీసా బల్ల మీద పెట్టి, ముసలాయన కలం కోసం చెయ్యి చాచాడు.