వీధికి అడ్డంగా తమీన్లు

పొద్దున్నించీ కోటిబాబు కాలు ఒకచోట నిలవడం లేదు. మేడ దిగుతాడు, గుమ్మం దాకా వెళ్తాడు, మళ్ళీ ఎక్కుతాడు.

బర్మాలో సైన్యం గద్దెనెక్కిన నెల్లాళ్ళకే ఆయన్ని నది ఒడ్డు పేట చిమిండైంగ్‌లో తాముండే వార్డుకి పెద్దని చేశారు. ఆడవాళ్ళ తమీన్లు నేయించే ఫ్యాక్టరీ యజమానికి పదవి మోజు ఎందుకు పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజు నుంచీ వీధి వీధంతా ఆయనతో మాట మానేసింది. కిళ్ళీ కొట్టువాడు కూడా ముఖం తిప్పుకుంటున్నాడు. భార్య మణిమాల సిగ్గుతో గడప దాటడం లేదు, కిటికీ తెరవడం లేదు. అన్నం పెడుతుంది, అంతే.

వీధి చివరి ఇంట్లో, సైన్యానికి ఎదురుతిరిగి ఊరేగింపు తీసిన కుర్రాళ్ళు దాక్కున్నారు. సాయంత్రం పడవలో నది దాటి దలా చేరితే బతికిపోతారు. ఈలోగా సైనికుల లారీ వచ్చింది.

వచ్చి, వీధి మొదట్లోనే ఆగిపోయింది. రెండు కరెంటు స్తంభాల నడుమ రాత్రికి రాత్రి ఎవరో తాడు కట్టారు. దాని నిండా ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే తమీన్లు. ఆడది కట్టి విడిచిన తమీన్ కింద నడిస్తే మగాడి మహిమ పోతుందని బర్మావాళ్ళ గట్టి నమ్మకం. తుపాకులు పట్టినవాళ్ళకి ఆ భయం మరీ ఎక్కువ.

కెప్టెన్ కోటిబాబుని పిలిపించాడు.

"ఊ కోటిబాబూ, ఈ సరుకు సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కొత్తవైతే మాకు పట్టింపు లేదు, లోపలికి పోతాం. చూసి చెప్పు. అబద్ధమాడావో, నీ ఫ్యాక్టరీ ఉండదు, నువ్వూ ఉండవు."

కోటిబాబు తలెత్తి చూశాడు. ఒళ్ళంతా చెమట.

ఎదురింటి సూరమ్మ కిటికీలోంచి అరిచింది. "ఏటా సూపు? ఆడోల బట్టలు ఆల్లకి సూపిత్తన్నావా? నీ బతుక్కి సిగ్గు నేదా?"

"కట్టుకున్నవే సార్," అన్నాడు కోటిబాబు. వేలెత్తి తాడు వైపు చూపించాడు. మళ్ళీ అన్నాడు. "అంచులు చూడండి, వెలిసిపోయాయి."

కెప్టెన్ పళ్ళు కొరికాడు. నిచ్చెన తెచ్చి రేపు తేలుస్తానని లారీ వెనక్కి తిప్పించాడు.

సాయంత్రం కుర్రాళ్ళు పడవెక్కారు. వీధి పండగ చేసుకుంది. కోటిబాబుని మాత్రం ఎవరూ పలకరించలేదు. ఇంటికి వస్తుంటే ఆయనకి ఏడుపొచ్చింది.

మణిమాల అన్ని రోజుల తర్వాత నోరు విప్పింది.

"అయి కట్టుకున్నవి కాబట్టి సరిపోయింది గానీ, కొత్తవైతే ఆ కుర్రోల్లని ఒప్పసెప్పీసీవోరే కదండీ!"

కోటిబాబు చెప్పులు విప్పి మూలన పెట్టాడు.

ఆమె విసవిసా స్నానానికి బయల్దేరి బీరువా తెరిచింది. తను కట్టుకునే తమీన్లు ఒక్కటంటే ఒక్కటి లేదు.