మూడు నిద్రలు

“ఒక్క మూడు నిద్రలు చేస్తాం బాబూ. అద్దెకొచ్చేవాళ్లని నాలుగోరోజు రమ్మందాం” అంది కాత్యాయని.

శ్రీకర్ తల పట్టుకున్నాడు. పాలు పొంగిస్తున్నాం రమ్మంటే వచ్చిన పాపానికి, అకౌంటెంట్‌గా ఇరుక్కుపోయాడు.

“మూడు కాదాంటీ, ఒక్క రాత్రి కూడా కుదరదు. ఇది మీ ఇల్లు కాదు. మీ సూపర్ ఫండ్ ఇల్లు.”

“మా డబ్బుతో కొన్నదేగా!”

“రిటైర్మెంట్ డబ్బుతో. అంకుల్ అరవై దాటి రిటైరయ్యేదాకా మీరుండకూడదు, మీ చుట్టాలూ ఉండకూడదు. వచ్చే అద్దె కూడా ఫండ్‌కే.”

నిజానికి ఈ ఆలోచన ఆమె భర్త శేషగిరిది. ఆఫీసువాళ్లు జమచేసిన రిటైర్మెంట్ సొమ్మంతా పెద్ద ఫండ్‌లోంచి లాగి, సొంత ఫండ్ పెట్టుకుని, హారిస్‌డేల్‌లో ఈ ఇల్లు కొన్నాడు. షేర్లని ఆయన నమ్మడు. ఇల్లయితే గోడ తట్టి చూసుకోవచ్చు. మనవాళ్లకి ఇటుకల మీదున్న భక్తి అలాంటిది మరి! ఇల్లు చేతికొచ్చేలోపే ఉద్యోగం పోయింది.

పూల్ దగ్గరే స్నానం చేసొచ్చిందేమో, కాత్యాయని జుట్టింకా తడిగానే ఉంది. ఈ వయసులో రోజూ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తోందని శ్రీకర్‌కి భలే ముచ్చట. దిళ్లు, దుప్పట్లు కూడా కారులో సిద్ధంగా ఉన్నాయి.

“నిద్ర చేయకపోతే అరిష్టం బాబూ. మీ అమ్మని అడుగు.”

“మా అమ్మ సరే అంటుందాంటీ. ఆడిటర్ అనడు. దొరికితే ఫండ్‌లో సగం టాక్స్‌కే పోతుంది.”

“ఏమండీ, మీరైనా చెప్పండి!”

శేషగిరి తలెత్తలేదు. “వదిలెయ్, కాత్యాయనీ.”

ఆమె ఏడ్చేసింది. ఆచారానికి ఇంత ఏడుపా అనిపించింది శ్రీకర్‌కి. జాలితోపాటు కాస్త విసుగూ వేసింది.

మధ్యాహ్నం కొత్తజంట సంజయ్, సృజన సామాన్లతో దిగారు. శేషగిరి తాళాలిచ్చాడు.

“ఇల్లు చాలా బాగుందాంటీ! మీరెక్కడుంటారు?” అంది సృజన.

“ఇక్కడికి దగ్గరేనమ్మా.”

“అయితే వీకెండ్ మీ ఇంటికొస్తాం!”

కాత్యాయని నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “చూద్దాంలేమ్మా” అని గబగబా బయటికి నడిచింది.

చీకటి పడుతుండగా శేషగిరి, ఆ పక్కనే ఉన్న కానింగ్ వేల్‌లో పార్కు పక్కన కారాపాడు.

“ఇవాళా ఇక్కడేనా?” అంది కాత్యాయని.

ఆయన ఇంజనాపేశాడు.

అద్దె కట్టలేదని ఓనరు వాళ్లుంటున్న ఇల్లు ఖాళీ చేయించినప్పటినుంచీ వాళ్ల కాపురం కారులోనే.