కొవ్వొత్తి ఆర్పాక

తుపాను పోతూ పోతూ ఊళ్ళో కరెంటుని కూడా వెంటబెట్టుకుపోయింది. స్తంభాలు విరిగి రోడ్లకి అడ్డంగా పడ్డాయి. కరెంటు ఎప్పుడొస్తుందయ్యా అని అడిగితే లైన్‌మేన్ ఆకాశంలోకి చూపిస్తున్నాడు.

వీధి వీధంతా గగ్గోలు పెడుతోంది గానీ, టైలరమ్మకి పని మాత్రం ఆగలేదు. ఆమెది కాలితో తొక్కే మిషను. పగలంతా కిటికీ దగ్గర వేసుకుని కుట్టుకోవచ్చు. ఆమె దిగులంతా కూతురి గురించే.

తుపానుకి ముందురోజు ఆ పిల్ల పెద్ద సూట్‌కేసుతో దిగింది. పెళ్ళయ్యాక ఒక్కతే రావడం అదే మొదటిసారి.

"ఊరికే, మిమ్మల్ని చూడాలనిపించి వచ్చానమ్మా" అంది.

ఊరికే చూడ్డానికి వచ్చే పిల్ల స్వెట్టర్లతో సహా ఉన్న బట్టలన్నీ మూటగట్టుకొస్తుందా? అడిగితే నవ్వేస్తుంది. గుచ్చి గుచ్చి అడిగితే బిందె తీసుకుని నీళ్ళ ట్యాంకరు దగ్గరికి వెళ్ళిపోతుంది. సరే, దానంతటదే చెబుతుందిలే అని తల్లి ఊరుకుంది. ఊరుకుందన్న మాటే గానీ, అక్కడ దానికేం కష్టమొచ్చిందో తెలుసుకుందామని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

తండ్రికి ఇవేవీ పట్టలేదు. ఆయన బస్సు కండక్టరు. బస్సులు ఆగిపోయాయి, టీవీ లేదు, ఫోన్లు చచ్చి పడున్నాయి. ఇక ఆయన కబుర్లకి అడ్డెవరు? పొద్దు వాలడం ఆలస్యం, ముందుగదిలో చాప పరిచేవాడు. టిక్కెట్టు అడగ్గానే గురకపెట్టే పెద్దమనుషులు, మేకపిల్లకి అర టిక్కెట్టు ఇమ్మని పేచీ పెట్టిన ముసలమ్మ. అన్నీ అభినయంతో సహా. కూతురు పడీ పడీ నవ్వేది.

అటక మీద వెతికితే దొరికినవి గుప్పెడు కొవ్వొత్తులు. టైలరమ్మ ఇంకా మసక వెలుతురుండగానే ఒకటి వెలిగించి చాప మధ్యలో పెట్టేసేది.

"ఏమిటే ఈ దుబారా? మాట్లాడేది నోటితోనేగా, దానికి దీపమెందుకు?" అని కసిరాడు మొగుడు.

"ఉండనివ్వండి. చీకట్లో నాకేం బాగుండదు."

"అమ్మకి చీకటంటే భయం నాన్నా! బూచాడొచ్చి ఎత్తుకుపోతాడని" అంటూ కూతురు ఆటపట్టించింది.

ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు పిరికిదైపోయింది.

ఆ కొవ్వొత్తి కొండెక్కిందా, ఆమె పని అయిపోయినట్టే. పక్కన కూతురి భుజం నవ్వుతో కదిలితే తనూ నవ్వేది. మోకాలి మీద ఎవరి చెయ్యైనా పడితే "ఊఁ" అనేది. మొగుడూ కూతురూ చెరోపక్కా కూర్చునుండగా అంత ఒంటరితనం ఎక్కణ్ణుంచి వచ్చిపడేదో! ఏడుపొచ్చినంత పనయ్యేది. ఈ పాడు చీకటి ఎప్పుడు పోతుందా అని గోడకి ఆనుకుని కూర్చునేది.

చివరికి రోడ్ల మీద చెట్లు తొలగించారు. ఆ సాయంత్రం డ్యూటీ కనుక్కోడానికి తండ్రి డిపోకి వెళ్ళాడు. ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే మిగిలారు. టైలరమ్మ కొవ్వొత్తి వెలిగించి, కూతురికి సరిగ్గా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈ రోజైనా చెబుతుందేమోనని ఆశ.

కూతురు తల్లి మొహంలోకి చూసింది. నోరు తెరిచింది. మూసేసింది. చటుక్కున వంగి కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదేసింది.

కొన్ని సంగతులు వెలుతురులో నోటికి రావు కాబోలు.

తల్లి అగ్గిపెట్టె కోసం తడుముకుంది. కూతురు ఆ చెయ్యి పట్టేసుకుని, భుజం మీద తల వాల్చేసింది. వెచ్చటి ఊపిరి తల్లి మెడకి తగులుతోంది. ఆగుతోంది. మళ్ళీ తగులుతోంది. జాకెట్టు భుజం తడిసి ముద్దయింది. తల్లి ప్రాణం విలవిల్లాడిపోయింది. లేచి దీపం పెడదామంటే పిల్ల కదలనివ్వదే! చాలాసేపటికి కూతురు ఆమె చేతిని గట్టిగా నొక్కింది. నొక్కి, అలాగే ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి.

"ఏం కాదు తల్లీ. అన్నీ అవే సర్దుకుంటాయి" అంది, తల నిమురుతూ.

నొక్కిన చెయ్యి మెల్లిగా వదులైపోయింది.

తెల్లారి చూస్తే సూట్‌కేసు గుమ్మంలో ఉంది.

"మొదటి బస్సు నాదే! నేనే దిగబెట్టేస్తాగా. పాపం, అల్లుడు ఎదురుచూస్తుంటాడు" అంటూ తండ్రి హుషారుగా మెట్లు దిగిపోయాడు.

టైలరమ్మ గుండెల్లో రాయి పడింది.

"ఇదేమిటే? ఎక్కడికి?"

"ఇంకెక్కడికి? ఆ ఇంటికే." కూతురి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఇప్పుడేం తొందర? ఉండు."

"ఉండనా, పొమ్మంటావా అని నిన్న నిన్నే కదమ్మా అడిగాను? నాన్నకి కూడా చెప్పుకోలేనిదంతా నీకు చెప్పుకున్నాను. అంతా విని, సర్దుకుంటాయన్నావు." ఆ పిల్ల పెదాలు అదురుతున్నాయి. "నీకే బరువయ్యాక ఇంకెవరి దగ్గర ఉండను? నాన్న పిలుస్తున్నాడు, వెళ్ళొస్తా."

టైలరమ్మ ఒక్క అంగలో వెళ్ళి సూట్‌కేసు లాగేసుకుంది. కూతురి రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది. గడ్డం పట్టి ఆ మొహాన్ని ఎండకేసి తిప్పింది. మొగుడికి కూడా తెలియనివ్వకుండా ఇన్నాళ్ళూ దాచుకున్న మాటని ఇక దాచలేకపోయింది.

"నిన్న నువ్వు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నాకు అందలేదమ్మా, నా రెండు చెవులూ పోయి ఏడాది దాటింది, నీ పెదాలు నాకు కనబడేలా మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."